పహిల్వాన్ మింగని గోలీ

కడుపు మీద గడ్డ లేచినప్పుడు ఓదేలు భయపడలేదు. దాన్ని కోసి తీసినప్పుడూ భయపడలేదు. ఏడాది తిరక్కముందే అది మళ్ళీ అదే చోట లేస్తే పళ్ళు బిగబట్టి ఊరుకున్నాడు. అంతటివాడు ఆఖరికి ఒక చిన్న తెల్ల గోలీని చూసి బెదిరిపోయాడు.

వరంగల్ కోట పక్కన ఉన్న కుస్తీ తాలీంలో అతన్ని మించిన పహిల్వాన్ లేడు. ఇరవై నాలుగేళ్ళవాడు. మీసం మెలేసి మట్టిలోకి దిగాడంటే ఎదుటివాడు పట్టు పట్టకముందే సగం ఓడిపోయేవాడు. తాలీం నడిపేది ఐలయ్య ఉస్తాద్. డెబ్బై ఏళ్ళ మనిషి, మాట పొదుపు. తాలీం వెనకే ఆయన బర్రెల కొట్టం. పొద్దున కసరత్తు కాగానే ఆయన భార్య కొమురమ్మ పాలు పిండి శిష్యులకు తలా ఒక చెంబు పోసేది.

ఉస్తాదే ఓదేలును వెంటబెట్టుకుని హైదరాబాదు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ స్కానింగు చూసి నిదానంగా చెప్పింది.

"ఇది చాలా అరుదుగా వచ్చే గడ్డ. క్యాన్సర్‌లాగా వేరేచోటికి పాకదు. కానీ కండలోకి వేళ్ళు దింపుతుంది. కోస్తే మళ్ళీ వస్తుంది, చూశారుగా. ఇలాంటి గడ్డలు కొన్ని ఒంట్లో ఉండే హార్మోను ఊతంతో పెరుగుతాయి. ఆ ఊతం అందకుండా చేసే గోలీ ఇస్తాను. అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేను. పనిచేసినా నెలలు పడుతుంది. ఊరికే వదిలేస్తే మాత్రం పేగుల మీదికి వచ్చేట్టుంది. రోజూ తప్పకుండా మింగాలి. నేను చెప్పేదాకా కుస్తీ బంద్."

మందుల దుకాణంలో చీటీ చూసిన మనిషి పదిమందికి వినబడేట్టు అడిగాడు. "ఇది ఆడోళ్ళ రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే గోలీ గద! ఎవలకు?"

"మా అత్తకు," అన్నాడు ఓదేలు. అతనికి మేనత్తా లేదు, పిల్లనిచ్చిన అత్తా లేదు.

పది రోజులు మింగాడు. పదకొండో రోజు ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెమటలో తడిసిపోయేవాడు. తల్లి పక్కన కూర్చుని కొంగుతో విసిరింది. "నాకు సుత గిట్లనే అయితాంది బిడ్డా, ముట్లు ఆగినకాడి నుంచి," అంది పాపం, ధైర్యం చెబుదామని.

ఓదేలు దిగ్గున లేచాడు. అద్దం ముందుకు పోయి మీసం పట్టి లాగి చూసుకున్నాడు. గట్టిగానే ఉంది. గొంతు సన్నబడిందేమోనని పెరట్లోకి వెళ్ళి "జై హనుమాన్" అని ఒక్క కేక పెట్టాడు. పక్కింటి కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. అయినా నమ్మకం కుదరలేదు. ఆ రోజు నుంచి గోలీ మానేశాడు.

ఇంట్లో పారేస్తే తల్లి చూస్తుంది. అందుకని మిగిలిన గోలీల పట్టీలు తెచ్చి తాలీం మట్టిలో ఒక మూల పూడ్చిపెట్టాడు. శనివారం శనివారం ఆ మట్టిని ఉస్తాద్ తన చేత్తో తిరగేస్తాడని తెలియక కాదు. సిగ్గు ముంచుకొచ్చినప్పుడు తెలివి అందరికంటే ముందే పారిపోతుంది.

శనివారం పార కొసకు పట్టీలు తగిలాయి. ఉస్తాద్ వంగి వాటిని ఏరి, మట్టి దులిపి, ధోవతి మడతలో దోపుకున్నాడు. మళ్ళీ పార అందుకున్నాడు.

మర్నాడు పొద్దున కొమురమ్మ, కుస్తీ లేకున్నా పాలకు రోజూ వచ్చే ఓదేలు చెంబు అందుకోబోతే ఉస్తాద్ ఆపాడు. "వాని వాటా దుడ్డెకు ఇడువు," అన్నాడు.

ఆమె దుడ్డెను విప్పింది. అది పరుగున పోయి తల్లి పొదుగును కుమ్మి కుమ్మి తాగింది. ముసలాయన ఏ ధ్యాసలో ఉన్నాడో అనుకుని ఓదేలు ఆ పూటకు ఊరుకున్నాడు. రెండో రోజూ అంతే. తోటివాళ్ళు మూతికంటిన మీగడ తుడుచుకుంటుంటే చూడలేక గోడ వైపు తిరిగాడు. మూడో రోజు ఇక ఆగలేకపోయాడు.

"ఉస్తాద్, నా పాలు?"

"బర్రె పాలు చేపేది ఎవలకు?"

ఓదేలు తల గోక్కున్నాడు. "దుడ్డెకు."

"నువ్వు దుడ్డెవా?"

ఉస్తాద్ మడతలోంచి పట్టీలు తీసి కుడితి తొట్టి గట్టు మీద పెట్టాడు. వాటి అంచులకు ఇంకా తాలీం ఎర్రమట్టి అంటుకునే ఉంది. ఓదేలు ముఖం చెవులదాకా కాలిపోయింది. ఈసారి అది ఆవిరి కాదు.

"అవి ఆడోళ్ళయి, ఉస్తాద్," అని గొణిగాడు. "నేనేమైపోతనో అని... భయమైంది."

ఉస్తాద్ చెంబు నిండా పాలు పోసి అతని చేతిలో పెట్టాడు.

"పాలపండ్లు ఊడకముందు నుంచి బర్రెపాలు తాగుతున్నవ్. కొమ్ములు మొలిచినయా?"

ఓదేలు చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. అది చూసి కొమురమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తన చెయ్యి ఎక్కడుందో తెలుసుకున్నాక ఓదేలుకూ నవ్వు ఆగలేదు. గడ్డ నొప్పెడుతున్నా కడుపు పట్టుకుని నవ్వాడు. అలా నవ్వుతూనే గోలీ నోట్లో వేసుకుని, చెంబెత్తి గటగటా తాగేశాడు. వాటా తగ్గిందని దుడ్డె ఒకటే అరుపులు. ఎవరూ దాని మాట వినలేదు.

అప్పటి నుంచి ఒక్క రోజూ తప్పలేదు. ఆవిర్లు వచ్చినప్పుడు తల్లీ కొడుకులు ఒకే విసనకర్రతో వంతులవారీగా విసురుకునేవాళ్ళు. మూడు నెలలకు గడ్డ పెరగడం ఆగింది. తొమ్మిదో నెల స్కానింగులో సగానికి తగ్గింది. డాక్టరమ్మ ఆ మాట చెబుతూ తనే కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఓదేలు బస్సు దిగి తిన్నగా కొట్టంలోకి ఉరికాడు. సంగతి విని ఉస్తాద్ కళ్ళు తుడుచుకున్నాడు. గడ్డి నలుసు పడిందన్నాడు. ఆ పూట కొట్టంలో అంతా పచ్చిగడ్డే.

ఓదేలుకు సంతోషం పట్టరానిదైంది. "రేపు మట్టిల దిగనా, ఉస్తాద్?"

"డాక్టరమ్మ ఏమన్నది?"

"ఇంకో ఆర్నెల్లు ఆగమన్నది. ఆమెకు కుస్తీ సంగతి ఏం ఎరుక, ఉస్తాద్?"

ఉస్తాద్ దగ్గరికొచ్చి అతని కడుపు మీద చెయ్యి వేశాడు. చిన్నదైపోయిన గడ్డను వేళ్ళతో మెల్లగా తడిమాడు.

"నీతోని కాని గీన్ని, ఆమె చెయ్యి ఎయ్యకుంటనే ఎల్లెలకల పడేస్తున్నది," అన్నాడు.