ఎర్రమెడ తొండ దిగిన ఫోటో

బడికి ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాటి నుంచీ హైమవతి టీచరు పొద్దున్నే పెరటి తోటలో ముక్కాలిపీట వేసుకుని, కెమెరా పట్టుకుని కూర్చునేది. నూరువరహాల పూల మీదో, కుళాయి కింద తడిమట్టి మీదో సీతాకోకచిలుక వాలితే చాలు, ఊపిరి బిగబట్టి ఫోటో తీసేది. ఆ తోటలో కాపురముండే ఎర్రమెడ తొండకు ఇదే పెద్ద బెడదైపోయింది. అది నాలుగడుగులు ముందుకు పాకితే చాలు, టీచరు చెప్పు నేలకేసి కొట్టి తరిమేసేది. వారం రోజులుగా పాపం దానికి చీమలే గతి.

ఆకలి ముదిరి తొండ ఒక ఎత్తు వేసింది. గోడ మీంచే సీతాకోకచిలుకలను ఆప్యాయంగా పలకరించి, టీచరు చేతిలోని ఆ పెట్టె టక్కుమన్న ప్రతిసారీ ఒంటి మీది రంగు కొంచెం లాగేసుకుంటుందని చెప్పింది. తన మేనత్త అలాగే వెలిసిపోయి కన్నుమూసిందని కళ్లు కూడా ఒత్తుకుంది. అసలే ఎండలకు వాటి రెక్కలు వన్నె తగ్గి ఉన్నాయి. ఒకదాన్నొకటి చూసుకుని హడలిపోయాయి. మరి తేనెకు ఎక్కడికి పోవాలని అడిగితే, తొండ టీచరుకు కనబడని గోడమూల కనకాంబరాల పొద చూపించింది. దాని కిందే తను పొంచి ఉంటుందని మాత్రం చెప్పలేదు.

ఆ రోజు పొదకు ముగ్గురు వెళ్లారు, ఇద్దరే తిరిగొచ్చారు.

రెక్క చిరిగిన ముసలి సీతాకోకచిలుక ఒకతి ఉంది. అందరికీ ఆమె అవ్వ. మర్నాడు అవ్వ మిగతావాళ్లను ఆకుల చాటున కూర్చోబెట్టి, తొండకు అందనంత ఎత్తులో కొమ్మ మీద వాలింది.

"మామా, నీ మెడ ఎరుపు ఈ ఏడు బాగా తేలింది. మేం కనబడక టీచరు గోడ వంకే చూస్తోంది. లోపలికి పో నాయనా, నీ రంగు పోతే తోట బోసిపోతుంది" అంది.

తొండ లోపలికి పోలేదు. ఇన్నేళ్లలో తన అందం గురించి ఒక్కరూ మాట్లాడిన పాపాన పోలేదు. అది గోడ పైకెక్కి, మెడ ఉబ్బించి, ముందుకాళ్ల మీద లేస్తూ వాలుతూ నిలబడింది. టీచరు ముచ్చటపడి టకటకా ఫోటోలు తీసింది. తొండ ఇటో వాటం, అటో వాటం తిరిగింది. ఎండ మాడుస్తున్నా కదల్లేదు.

"రంగేమైనా తగ్గిందా మామా?" అని అవ్వ మెల్లగా అడిగింది.

"తగ్గడమా? చూడు, ఇంకా నిగనిగలాడుతోంది" అంది తొండ.

అనేశాక నాలుక కరుచుకుంది. ఆకుల చాటు నుంచి సీతాకోకచిలుకలు ఒక్కొక్కటే లేచి, దాని తల మీదుగానే కుళాయి దగ్గరికి ఎగిరిపోయాయి. టీచరు పీట అటు తిప్పుకుంది. తొండ ఇంకాసేపు మెడ ఉబ్బించే ఉంది గానీ, చూసేవాళ్లు లేరు. ఆకలితో గోడ దిగి చీమలబారు వెతుక్కుంటూ పోయింది.

అబద్ధమాడి ఇతరులను మోసగించేవాడు, పొగడ్తకు లొంగి తన గుట్టు తానే బయటపెట్టుకుంటాడు.