మడచెట్టు విప్పనివ్వని ముడి

ఒకప్పుడు చెట్లు నడిచేవి. అవునర్రా, నిజంగానే! వేళ్లు ఎత్తి ఎత్తి వేసుకుంటూ, నీళ్లు ఎక్కడ తియ్యగా ఉంటే అక్కడికి పోయేవి. మడచెట్టూ అంతే. గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర, మంచినీటి ఒడ్డున ఉండేది.

ఆ ఒడ్డునే కాసులమ్మ గుడిసె. ఆమె పెనిమిటి దానయ్య సముద్రం మీదికి చేపల వేటకు పోయినప్పుడల్లా చీరచెంగు పేలిక ఒకటి చింపి మడచెట్టు కొమ్మకు ముడి వేసేది. అక్కడి ఆడవాళ్లందరిదీ అదే ఆనవాయితీ. మనిషి తిరిగొచ్చాకే ముడి విప్పాలి. ముందే విప్పితే ఆశ వదులుకున్నట్టే. ముడి ఉన్నన్నాళ్లూ చెట్టు కదలకూడదు. పడవలన్నీ దాన్ని గురుతు పట్టే మొగలోకి వచ్చేవి మరి.

ఓసారి దానయ్య వెళ్లిన మూడోనాడు గాలివాన పట్టుకుంది. సముద్రం ఒడ్డెక్కి కూర్చుంది. వాన వెలిసినా అది వెనక్కి పోలేదు. మంచినీళ్లన్నీ ఉప్పుకశం అయిపోయాయి. చింత, వేప, తాడి, ఏ చెట్టుకా చెట్టు మెరక దారి పట్టాయి. మడచెట్టు ఒక్కటే మిగిలింది. ఆకులు పండిపోయాయి, బురదలో వేళ్లకు ఊపిరాడలేదు.

ఏడోనాడు కాసులమ్మ ఇక చూడలేకపోయింది. నా కోసం నువ్వెందుకు చావాలని ఏడుస్తూ ముడి మీద చెయ్యి వేసింది.

"విప్పకమ్మా," అంది చెట్టు. "నేను పోతే అతను దేన్ని చూసి ఇల్లు చేరతాడు?"

నా నీళ్లు తాగి బతికిన చెట్టు లేదంది సముద్రం. చెట్టు ఆ ఉప్పునీళ్లే తాగింది. ఒంటికి పడని ఉప్పును ఆకుల మీదికి నెట్టేసింది. మునిగేవాడు ముక్కు పైకెత్తినట్టు, వేళ్లను బురదలోంచి పైకి పొడిచింది.

పన్నెండోనాడు పొద్దున్నే చినిగిన తెరచాపతో పడవ వచ్చింది. దానయ్య ఎముకల గూడైపోయాడు, అయినా ప్రాణంతో ఉన్నాడు. కాసులమ్మ ముడి విప్పి, ఇక నువ్వూ మెరకకు పో తల్లీ అని దండం పెట్టింది.

చెట్టు ఒక వేరు ఎత్తింది. అంతలో పై కొమ్మన ఇంకో ముడి కనబడింది. పక్క గుడిసె ముసలమ్మ వేసింది. ఆమె కొడుకు పడవ ఇంకా రాలేదు. ఎత్తిన వేరును చెట్టు మళ్లీ బురదలోకి దింపేసింది.

ఆ కొడుకు రానే లేదు. ఆ ముడి ఎవరూ విప్పనూ లేదు.

అప్పటినుంచే మడచెట్టు ఉప్పుబురదలో నిలబడి, వేళ్లు పైకి పెట్టి ఊపిరి తీస్తోంది. దాని ఆకు నాలుక మీద పెట్టుకుని చూడండి, ఇవాళ్టికీ ఉప్పగానే ఉంటుంది. సముద్రం మీద ఇంకా ఎవరో ఉన్నారని దాని నమ్మకం.