మంచంకోళ్ళు కోసిన దాలమ్మ

మీ ముత్తాతగారి ముత్తాతకి ఇంకా పాలపళ్ళు రాని రోజుల్లో, అదిగో ఆ కొండల వెనకాల, దాలమ్మ అని ఒకతె ఉండేది. లేవలేనివాళ్ళ ఒళ్ళు తుడవడం, గుక్కెడు గంజి పట్టడం, ఆఖరి ఊపిరిదాకా పక్కన కూర్చోవడం ఆమె పని. ఓపిక ఏడు సముద్రాలంత. ఆ ఏడు సముద్రాలూ ఇంకిపోయింది కుమ్మరి గవరమ్మ ఇంట్లోనే.

గవరమ్మ మంచం పట్టింది. వైద్యుడు నాడి చూసి, "ఇక నా చేతిలో లేదు" అనేశాడు. అంతే, చుట్టాలు దిగారు. పదిమందా, ఇరవైమందా? మూడువందల అరవైమంది! వాళ్ళ అరుపులకి మూడూళ్ళ కాకులు వలసపోయాయి.

పెద్దకొడుకన్నాడు: "మంచం మీద పోతే పైలోకంలో ఆ మంచం మోస్తూ తిరగాలి. కిందకి దించండి!" దించారు.

"అమ్మని అడిగారా?" అంది దాలమ్మ. వినేదెవరు!

చిన్నకొడుకన్నాడు: "దించితే ఆశ వదిలేసినట్టే. ఎత్తండి! కషాయం పొయ్యండి!" ఎత్తారు. పోశారు.

"అమ్మని అడిగారా?" అంది దాలమ్మ. వినేదెవరు!

కూతురంది: "మావయ్య రాకుండా ఏదీ తేల్చకూడదు. వాకిట్లోకి మార్చండి, రాగానే చూస్తాడు!" మంచంతో సహా మార్చారు.

"అమ్మని అడిగారా?" ఈసారి దాలమ్మ కేకకి చూరు పెంకులు నలభై రాలాయి. అప్పటికి గానీ అందరూ ఇటు తిరగలేదు.

"అలాంటిది అడిగితే అమ్మ బెంగపడిపోదూ?" అని నసిగాడు పెద్దాడు.

"ఇంతమంది నెత్తిన కూర్చుని, 'ఉంటుందా, పోతుందా' అని అరుస్తుంటే పడని బెంగ, అడిగితే పడుతుందా?"

దాలమ్మ వంగింది. చెవి దగ్గర మెల్లగా, "ఏం కావాలక్కా?" అంది.

గవరమ్మ కళ్ళు తెరిచింది. "మంచం మీద పోవాలంటే నాకూ భయమేనే. నేల కావాలి. కానీ ఇందాక దించితే నేల చల్లగా ఉంది, నడుం విరిగిపోయింది. ఆ చేదు ఇంక పోయొద్దని చెప్పవే."

చిన్నకొడుకు భోరుమన్నాడు. "మందు ఆపేస్తే అమ్మని నేనే చంపినట్టు కాదా పిన్నీ?"

"ఆపమన్నది నువ్వు కాదు నాయనా, అమ్మ. ఆ చేతులతో కాస్త కాళ్ళు ఒత్తు. రంపం ఎక్కడుందీ?"

మంచంకోళ్ళు నాలుగూ అడుగంటా కోసి పారేసింది దాలమ్మ. మంచం నేలమీద చతికిలబడింది. నేలా అయింది, నడుముకి నులకా అయింది. పెద్దాడు ఏదో అనబోయి, రంపం చూసి మానేశాడు.

గవరమ్మ మూడు రోజులు హాయిగా పడుకుంది. చిన్నాడు కాళ్ళు ఒత్తాడు. కూతురు తల దువ్వింది. వాళ్ళ మావయ్య, అదే గవరమ్మ తమ్ముడు, రానే వచ్చాడు. "ఇప్పుడా రావడం, వెధవా!" అని తిట్టి మరీ కన్నుమూసింది.

తర్వాత ఎన్నో ఏళ్ళకి దాలమ్మా పోయింది. ఆ కొండల వెనక వడ్రంగులు ఇప్పటికీ మంచానికి ఊడొచ్చే కోళ్ళే పెడతారు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ముందు కోళ్ళు ఊడదీస్తారు. ఎంత పెద్దమనిషైనా వంగి, చెవి దగ్గర "ఏం కావాలి?" అని అడిగాకే నోరు విప్పాలి. అడక్కుండా అరిచినవాడి చేతికి ఒక కోడు ఇచ్చి, వీధిలో నిలబెడతారు.

నాలుగు కోళ్ళూ చాలక, పక్కింటి మంచానివి కూడా అరువు తెస్తారట!