ఒక మూల కుట్టని బొంత

అనగనగా ఒక ఊళ్ళో, జీడితోటలకి అవతల, వాగులాంటి గెడ్డకి ఇవతల, సింహాచలమ్మ అని ఒక అమ్మమ్మ ఉండేది. ఊఁ కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే ఈ కథ గుమ్మంలోనే చతికిలబడుతుంది.

ఆ సింహాచలమ్మది మామూలు కుట్టుపని కాదు. చీమలు వరసగా నడవడం ఆవిడ కుట్టు చూసే నేర్చుకున్నాయి. ఒకసారి గాలివానకి మబ్బు చిరిగితే, దాన్ని కిందకి దింపి, కుట్టి, దులిపి పైకి పంపిందని చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోవడమేమిటి, నిజమే. ఆ మబ్బుకి ఇప్పటికీ నాలుగు మూలలుంటాయి.

ఆ నాలుగు మూలలే ఆవిడ గొప్ప. ఆవిడ బొంతలో ఏ మూలా వదులుగా ఉండేది కాదు, ఏ అంచూ వంకర పోయేది కాదు.

అప్పుడు ఆవిడ కూతురు కాంతం పురిటికి పుట్టింటికొచ్చింది. వెంట పెద్దపిల్ల పైడితల్లి కూడా వచ్చింది. పైడితల్లికి నీ అంత వయసు. తన మంచాన్నీ, తన కుక్కపిల్లనీ, వాళ్ళ నాన్ననీ తమ ఊళ్ళోనే వదిలి వచ్చింది. ఒక్కటి మాత్రం చంకలో పెట్టుకుని తెచ్చుకుంది. వాళ్ళమ్మ కట్టి కట్టి, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన పసుప్పచ్చ చీర. దాని కొంగు గుప్పిట్లో ఉంటేగాని పైడితల్లికి కన్ను మూతపడేది కాదు.

ఆ తర్వాత సింహాచలమ్మ పురిటిగది సింగారించడం మొదలెట్టింది. గోడలకి సున్నం వేసింది. ఎంత తెల్లగా వేసిందంటే, తెల్లారిందనుకుని కోళ్ళు ఆ గదివైపు తిరిగి కూసేవి. గోడ అడుగున ఎర్రమన్ను పట్టీ తీర్చి, దాని మీద పిండితో తీగలు గీసింది. పాత రవికల ముక్కలతో గుడ్డ చిలకలు కుట్టి ఉయ్యాలకి వేలాడగట్టింది. జామచెట్టు మీది చిలకలు కిటికీలోంచి వాటిని చూసి పెళ్ళి సంబంధం మాట్లాడుకుని వెళ్ళాయి.

ఇంక బొంత కుట్టాలి. పుట్టబోయే బిడ్డకి ముందుగా కొత్తగుడ్డ కుట్టకూడదు కదా. కట్టి విడిచిన పాతచీరే కావాలి. సింహాచలమ్మ చరచరా వెళ్ళి పాతచీరల పెట్టె మూత ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

పెట్టె ఖాళీ. కిందటి నెల స్టీలు సామాన్లవాడు వీధిలోకొస్తే, మెత్తటి చీరలన్నీ మూటగట్టి వాడికి ఇచ్చేసి, పెద్ద స్టీలు డబ్బా పుచ్చుకుంది. ఆ డబ్బా వంటింటి మూల కూర్చుని ఆవిడ వంకే తళతళా చూస్తోంది.

"పోనీలేవే, బిడ్డని ఆ డబ్బాలోనే పడుకోబెడదాం. అద్దం కూడా కొనక్కర్లేదు," అన్నాడు తాతయ్య, నవ్వకుండా.

"మీరు సొరపాదుకి నీళ్ళు పొయ్యండి. బొంత సంగతి నేను చూసుకుంటాను," అంది సింహాచలమ్మ.

కాంతం చూపు ఒక్కసారి పసుప్పచ్చ చీర మీదకి వెళ్ళి వచ్చింది. పైడితల్లి అది చూసింది. చూసి, చీరని తలగడ కిందకి తోసేసింది.

సింహాచలమ్మ దగ్గర ఒక పరీక్ష ఉండేది. పాదు మీంచి లేత సొరకాయ కోసి, బొంత మీద పడుకోబెట్టి, ఒక పూటంతా ఉయ్యాల ఊపేది. లేత సొరకాయ పసిపిల్ల ఒళ్ళులాంటిది, గోరు తగిలినా గీత పడుతుంది. సొరకాయ మీద గీత పడకపోతేనే ఆ బొంత బిడ్డకి.

ముందు ఆవిడ తన పెళ్ళి పట్టుచీరతో బొంత కుట్టింది. దాని మెరుపుకి ఇంట్లో దీపం పెట్టక్కర్లేకపోయింది. సాయంత్రం చూస్తే జరీ గీరుకుని సొరకాయ ఒళ్ళంతా గీతలే. ఆ పూట సొరకాయ పులుసు.

అప్పుడు తను కట్టుకునే నేతచీర తీసింది. కానీ సింహాచలమ్మ చీరంటే గంజి. పెళ్ళయిన నాటినుంచీ పట్టిన గంజి. చీరని గెడ్డలో ముంచితే గెడ్డ చిక్కబడింది, చేపలు తాగి బొద్దుగా తయారయ్యాయి, చీర మాత్రం ఒక్క మడత వంగలేదు. దానితో బొంత కుడితే, అది తలుపురెక్కలా దానంతటదే నిలబడింది. సొరకాయకి సొట్టలు పడ్డాయి. ఆ పూట సొరకాయ కూర.

కాంతం చూపు మళ్ళీ తలగడ వైపు వెళ్ళింది. పైడితల్లి చీరని తీసి గౌను కింద పొట్టకి చుట్టుకుంది.

ఆ తర్వాత వియ్యపురాలు వరహాలమ్మ కబురు విని బస్సులో ఒక నైలాన్ చీర పంపింది. "వదినా, చేపపొట్టలా మెత్తగా ఉంటుంది," అని కబురు. మెత్తగానే ఉంది. ఉయ్యాల ఒక్క ఊపు ఊపేసరికి సొరకాయ చేపలాగే జారి, నేల మీద పడి, రెండు చెక్కలైంది.

పైడితల్లి ఆ రెండు చెక్కల వంక చాలాసేపు చూసింది.

"ఈ సొరకాయలు తినీ తినీ, పురుడు అయ్యేలోగా నేనే పాదుకి కాస్తాను," అన్నాడు తాతయ్య.

అప్పుడు కాంతం మెల్లగా అంది, "అమ్మా, ఆ పసుప్పచ్చ చీర..."

"దాని జోలికి పోకు," అంది సింహాచలమ్మ. "పిల్లని ఇల్లు మార్పించి తెచ్చాం. ఉన్న ఒక్క చీరా లాక్కుంటామా? సూది నాది, చీర నాది కాదు. నేను అడగను."

ఆ మాట పైడితల్లి తలుపు చాటునుంచి వింది. అప్పటికే ఆ పిల్ల చీరని పొట్ట మీంచి తీసి మరో చోట దాచింది. ఎక్కడనుకున్నావు? ఆ స్టీలు డబ్బాలోనే.

పైడితల్లి వంటింట్లోకి వెళ్ళి డబ్బా ముందు కూర్చుంది. మూత తీసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. కొంగుని ముక్కుకి ఆనించుకుని అమ్మ వాసన చూసుకుంది. నేల మీద పడ్డ సొరకాయ కళ్ళముందు మెదిలింది. ఆ తర్వాత చీరంతా చేతుల్లోకి ఎత్తుకుని వచ్చింది. ఇన్ని చీరలు మింగిన డబ్బాలోంచి ఆఖరికి ఒక చీర బయటికొచ్చింది చూశావా.

"అమ్మమ్మా, పుట్టబోయే చెల్లికి ఇస్తాను. అంతా కాదు."

"ఎంతిస్తావు తల్లీ?"

"కొంగు నాది. మిగిలింది చెల్లిది. కత్తెర మాత్రం పెట్టకూడదు."

సింహాచలమ్మ చీరని ఒళ్ళో పరిచి చూసుకుంది. కొంగు మడవకుండా బొంత కుడితే ఒక మూల బయటికే ఉండిపోతుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మూల వదిలింది కాదు ఆవిడ. అయినా సూదిలో దారం ఎక్కించింది. చీరని మడతలు పెట్టి అంచులు చీమలబారులా కుట్టి మూడు మూలలూ బిగించింది. నాలుగో మూల కొంగు కొంగులాగే వదిలేసింది. సొరకాయని పెట్టి ఊపితే గీతా లేదు, సొట్టా లేదు. ఆ సొరకాయ హాయిగా నిద్రపోయి గురక కూడా పెట్టింది.

పక్కింటి గౌరమ్మ వచ్చి చూసి మూతి మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం వదినా, చూపు ఆనడం లేదా? ఒక మూల కుట్టడం మర్చిపోయావు."

అంతటి సింహాచలమ్మా ఆ మాట పడి, దారం కొరికి సూది పక్కన పెట్టింది.

ఆ తర్వాత చెల్లి పుట్టింది. ఎర్రగా, బుల్లిగా, గుప్పెడంత పిల్ల. బొంతని ఉయ్యాలలో పరిచి, కుట్టిన మూడు మూలలూ కడ్డీలకి గట్టిగా ముళ్ళేశారు. నాలుగో మూల కొంగు కిందకి వేలాడింది. ఉయ్యాల కింద చాప మీద పైడితల్లి కొంగు గుప్పిట్లో పట్టుకుని పడుకుంది. మధ్యాహ్నం చెల్లి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకి పెంకులు లేచి సర్దుకు కూర్చున్నాయి. కాంతం ఎత్తుకుని పాలిచ్చింది, ఆపలేదు. తాతయ్య పాట పాడాడు, ఇంకా ఏడ్చింది. సింహాచలమ్మ గుడ్డ చిలకల్ని ఆడించింది, వాటికే భయం వేసింది.

గౌరమ్మ కూడా పరుగెత్తుకొచ్చింది. చేసేదిలేక బిడ్డని తిరిగి ఉయ్యాలలో వేశారు.

అప్పుడు నిద్రలో పైడితల్లి అటు ఒత్తిగిల్లింది. గుప్పిట్లో కొంగు లాగింది. ఉయ్యాల ఊగింది. ఇటు ఒత్తిగిల్లింది. ఉయ్యాల మళ్ళీ ఊగింది. చెల్లి ఏడుపు సగంలో ఆగింది. ఆవులించింది. కళ్ళు మూసింది.

గౌరమ్మ నోరు తెరుచుకుని ఉయ్యాల వంకా, కొంగు వంకా, చాప మీది పిల్ల వంకా చూసింది.

సింహాచలమ్మ పైట సర్దుకుంది. "మర్చిపోయాననుకున్నావా వదినా?" అంది మెల్లగా. "ఆ మూల ఎక్కడ కుట్టాలో నాకు తెలుసు. పెద్దదాని గుప్పిట్లో కుట్టాను."

కథ కంచి దారి పట్టింది,
చెల్లి ఉయ్యాలలో ఊగింది,
అక్క గుప్పిట కొంగుంది,
నా కొంగేమో నీకుంది,
గట్టిగ పట్టి కునుకేయి,
మనమూ ఇంటికి చేరాము హాయి.