జాలి పండగ

అనగనగా ఒక అడవి. పేద అడవేం కాదర్రా! ఎగువన పనస, నేరేడు, వెలగ చెట్లు విరగకాసేవి. తినేవాళ్లు లేక పళ్లు కుళ్లిపోయేవి. దిగువన మాత్రం గడ్డిపోచ మొలిచేది కాదు. ఎందుకంటే వాగుకి అడ్డంగా ఓ పెద్ద రాయి ఉంది. నీళ్లన్నీ ఎగువనే మడుగు కట్టి నిలిచిపోయేవి.

దిగువన ముళ్లమ్మ అనే ఏదుపంది ఉండేది. రోజూ ఎగువకెళ్లి నక్కకి బొరియ తవ్వేది. ఎలుగుబంటి దొర గుహ ఊడ్చి, రాలిన తన ముల్లుతో ఆయన వీపు గోకేది. కూలి ఏమిటనుకున్నారు? పనస తొక్కలు! పళ్లు కాదు, తొక్కలు!

ఏటా ఎగువ వాళ్లు జాలి పండగ చేసేవాళ్లు. "పాపం, దిగువ వాళ్లకి ఈ లేమి ఎందుకో!" అని కళ్లొత్తుకుని, తలా ఓ తొక్క పంచేవాళ్లు. ఏటా అదే ప్రశ్న! కళ్లెదుట అంత రాయి పెట్టుకుని అడిగే ప్రశ్నేనా అది?

ఆ ఏడు ముళ్లమ్మ పసిబిడ్డ ఆకలికి లేచి నిలబడలేకపోయింది. తల్లికి గుండె చెరువైంది. "ఇంత జాలి గల వాళ్లు, అడిగితే కాదంటారా?" అనుకుని ఎగువకి పరుగెత్తింది. అక్కడే పొరబడింది, పిచ్చిది!

"నక్క బావా, ఆ రాయి కాస్త పక్కకి దొర్లిద్దామా?" అని అడిగింది.

"అమ్మో! మీకూ పళ్లు కాస్తే, నేనిచ్చే తొక్కలకి నా బొరియ ఎవరు తవ్వుతారు?" అంది నక్క.

నెమలిని అడిగింది. "మరి పండగ ఏం కాను? నేనెవరికి పంచాలి, ఎవరి ముందు ఆడాలి?" అని మూతి తిప్పుకుంది నెమలి.

చివరికి ఎలుగు దొర దగ్గరికెళ్లింది. ఆయన ఆ రాయి మీదే చల్లగా కూర్చున్నాడు. "ఒళ్లు వంచి పనిచెయ్యి, నువ్వే బాగుపడతావు. ముందు ఆ ఎడమ పక్క గోకు," అన్నాడు.

ముళ్లమ్మకి ఒళ్లు మండిపోయింది. చేతిలో ముల్లు విసిరికొట్టింది. "ఇన్నాళ్లూ మీకోసం తవ్వాను. ఇక మాకోసం తవ్వుకుంటాం!" అని గిర్రున వెనక్కి తిరిగింది.

పండగ రోజు ఎగువ వాళ్లంతా తొక్కలు పట్టుకుని కూర్చున్నారు. ఒక్క ప్రాణీ రాలేదు. ఏదుపందులు, కుందేళ్లు, ఎలుకలు అన్నీ కలిసి అక్కడ రాయి కింద మట్టి తవ్వుతున్నాయి. పొద్దు వాలేసరికి రాయి పక్కకి ఒరిగింది. నీళ్లు గలగలా దిగువకి పారాయి. పోనీ మడుగు ఎండిందా? లేదు! ఎగువన ఒక్క చెట్టయినా వాడిందా? లేదు! ఎగువ వాళ్లకి పోయిందేమీ లేదు, అదే కదా నా కడుపుమంట!

ఏడాది తిరిగింది. దిగువన దుంపలు ఊరాయి. ముళ్లమ్మ బిడ్డ గంతులేస్తోంది. ఎలుగు దొర కనబడిన చెట్టుకల్లా వీపు రాసుకుంటూ దిగొచ్చాడు.

"విశ్వాసం లేనిదానా! నా వీపు సంగతేంటి?" అని అరిచాడు.

"గోకుతాను దొరా, దానికేం! కానీ నా బిడ్డ తొక్కలు తినడం మానేసింది. పండు తెచ్చారా?" అంది ముళ్లమ్మ.

దొర తన ఉత్త చేతులు చూసుకున్నాడు. గొణుక్కుంటూ మళ్లీ చెట్టు దగ్గరికే పోయాడు.

నీతి: ఎదుటివాడి ఆకలి మన సుఖానికి పనికొస్తున్నంతకాలం మన జాలి దాన్ని తీర్చదు, ముందు మనం కూర్చున్న రాయి మీంచి లేవాలి.