తరగతిలోకి వచ్చిన గుర్రం

గుర్రాన్ని ముట్టకుండానే అశ్వశాస్త్రం ఆపోశన పట్టిన విద్యాలయ పట్టభద్రులకు మూడేళ్లుగా రాజుగారి గుర్రపుశాలలో కొలువు దొరకడం లేదు. "వీళ్లకు కొలువు వచ్చేదాకా వదలను" అని పట్టుబట్టి, గుర్రాల కాపరి ఈరన్న గుర్రాన్నే తరగతిలోకి తెచ్చి నేర్పసాగాడు.

ప్రధానాచార్యుడు మండిపడి రాజుగారిని వెంటబెట్టుకొచ్చాడు. "ఒరేయ్, దీన్ని బయటికి తోలు!"

"నేను చదువులేనోణ్ణి సామీ. విద్యాలయంలో శాస్త్రం తెలిసిన తమరే తోలాలి."

రాజు తలూపాడు. ఆచార్యుడు శ్లోకం చదువుతూ గుర్రం వెనక్కి వెళ్లాడు. అది కాలు ఝాడించేసరికి ఒక్క గెంతులో అరుగెక్కాడు. ఈరన్న దగ్గర నేర్చిన ఓ పట్టభద్రుడు ఎడమపక్కగా వచ్చి, మెడ నిమిరి, కళ్లెం పట్టి నడిపించుకుపోయాడు.

వాడికక్కడే కొలువిచ్చి, రాజు అడిగాడు: "ఆచార్యా, తమరు చదివిన శ్లోకానికి అర్థం?"

"గుర్రం వెనక నిలబడరాదని, ప్రభూ" అన్నాడాయన, అరుగు దిగకుండానే.