నిమ్మతోటలో రాజుగారి పందెం

ఒకానొక కొండదాపు రాజ్యాన్ని గజకేతుడనే రాజు ఏలేవాడు. తనకు రాని విద్య లేదని ఆయన నమ్మకం. సభలోవాళ్లూ ఔనౌనని తలలూపేవాళ్లు. ఊపక ఏం చేస్తారు పాపం!

రాజుగారి తోటలో పెద్ద తోటమాలి తిప్పన్న. డెబ్బై ఏళ్లు దాటాయి. తన తరవాత ఈ పని తెలిసినవాడు ఒక్కడూ లేడన్న దిగులు అతణ్ణి తినేస్తోంది. ఒకనాడు సభకు వచ్చి, "ప్రభూ, చురుకైన పడుచువాళ్లను పదిమందిని ఇప్పించండి. నా విద్య నేర్పుతాను" అని వేడుకున్నాడు.

రాజు పకపకా నవ్వాడు. "గుంట తవ్వడం, నీళ్లు పొయ్యడం. అదీ ఒక విద్యేనా? చురుకైనవాళ్లు లేఖకులవుతారు, సైనికులవుతారు. ఎందుకూ పనికిరానివాళ్లుంటే పంపిస్తాలే. అయినా నీకే పని రాదు. నిన్న చూశాను, నిమ్మతోట వాడిపోతోంది. నీళ్లెందుకు పెట్టలేదు?"

తిప్పన్నకు ఒళ్లు మండింది. అయినా చేతులు కట్టుకునే అన్నాడు: "తోటను చెరిసగం చేద్దాం ప్రభూ. తూర్పు సగం తమ చిత్తం వచ్చినట్టు పెంచండి. పడమటి సగం నాకు వదలండి. రెండు నెలల్లో ఎవరి చెట్లు బాగా పూస్తే వాళ్లది గెలుపు."

"గెలిస్తే అడిగింది ఇస్తాను. ఓడితే తోట వదిలి పోవాలి" అన్నాడు రాజు.

రాజు తన సగానికి రోజూ కాలువ మళ్లించాడు. ఆకులు నిగనిగలాడాయి. తిప్పన్న చుక్క నీరు పెట్టలేదు. అతని సగం వాడిపోయి, ఆకు రాల్చింది. ముసలాడి పని అయిపోయిందని జనం జాలిపడ్డారు. నెల గడిచాక అతను మొదళ్లు తవ్వి, ఎరువు వేసి, నిండుగా తడి పెట్టాడు.

గడువునాటికి పడమటి సగం తెల్లగా విరగపూసింది. తూర్పున ఆకులే ఆకులు, వెతికితే పది పూలు.

"ఇదేం మాయ?" అన్నాడు రాజు, ముఖం చిన్నబుచ్చుకుని.

"మాయ కాదు ప్రభూ. పూతకు ముందు నిమ్మకు నీళ్లాపాలి. ఎన్నాళ్లాపాలో ఆకును చూసి చెప్పాలి. నాలుగు రోజులు ఎక్కువైతే చెట్టే పోతుంది. అది నేర్వడానికి నాకు పదేళ్లు పట్టింది."

"సరే, ఆ పదిమందిని ఇప్పుడే పంపమని ఆజ్ఞ వేస్తాను."

"ఆజ్ఞకు భయపడి వచ్చేవాళ్లు చెట్టు మీద మనసు పెట్టరు. నేనడిగేది వేరు. రేపు సంత. సంతకు పోయే బాట పక్క మడిలో మధ్యాహ్నం దాకా తమరు నా దగ్గర పని నేర్వాలి. తప్పు చేస్తే కసురుకుంటాను."

రాజు వెంట వచ్చిన సభలోవాళ్లు నోరు వెళ్లబెట్టారు. ఇచ్చిన మాట గనక రాజు ఒప్పుకున్నాడు.

మర్నాడు సంతకు పోయేవాళ్లంతా ఆగిపోయారు. కిరీటం తీసి తలపాగా చుట్టుకుని రాజుగారు కలుపు తీస్తున్నారు!

"అది కలుపు కాదు, వంగనారు! కళ్లెక్కడున్నాయి?" అని తిప్పన్న కసిరాడు.

"తప్పయింది గురువుగారూ" అన్నాడు రాజు. ఆ మాట సంతంతా పాకింది.

మూడోనాటికి తోట వాకిట నలభైమంది పడుచువాళ్లు చేరారు. లేఖకుడి కొడుకు, సేనాపతి కూతురు కూడా వాళ్లలో ఉన్నారు. రాజు వచ్చి చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు. "నన్ను కూలికి పెట్టి, నీకు శిష్యుల్ని పోగుచేసుకున్నావన్నమాట!"

తోట పక్కనే పాఠశాల కట్టించి, సభలో పండితుల వరసన తిప్పన్నకు ఆసనం వేయించాడు. ఆ ఆసనంలో అతను కూర్చున్నది మూడుసార్లే. నలభైమందికి అంటు కట్టడం నేర్పేసరికి తీరికే దొరకలేదు.